హ్యాంగింగ్ వెయిట్ అంటే ఇంటికొచ్చే బరువు కాదు చెల్లీ

ప్రశ్న: అక్కా, వందనాలు. మాది వరంగల్ దగ్గర ఊరు. ఆరేళ్లుగా డాలస్‌కి ఉత్తరాన ఉంటున్నాం, నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు. మాకు గంటన్నర దూరంలో ఒక రాంచ్ ఉంది. వాళ్లు గ్రాస్‌ఫెడ్ బీఫ్ క్వార్టర్ లెక్కన, అంటే పశువులో నాలుగో వంతు చొప్పున, అమ్ముతారట. పౌండుకి 5.75 డాలర్లు, క్వార్టర్ 150 పౌండ్లు ఉంటుంది, హ్యాంగింగ్ వెయిట్ మీద ధర, ప్రాసెసింగ్ వేరే అన్నాడు. స్టోర్‌లో గ్రాస్‌ఫెడ్ కీమానే పౌండు ఎనిమిది, తొమ్మిది ఉంది, అందుకని ఇది బాగా చౌక అనిపిస్తోంది. డిపాజిట్ కట్టమంటున్నాడు. అతను చెప్పేది నిజంగా గ్రాస్‌ఫెడ్డేనా, ఎలా తెలుసుకోవాలి? కటింగ్ ఎలా కావాలో కాగితం నింపమన్నాడు, అందులో ఒక్క ముక్క అర్థం కాలేదు. చర్చిలో ఇంకో రెండు కుటుంబాలు కూడా మాకూ కొంచెం ఇవ్వు, డబ్బులిస్తాం అంటున్నారు. నవంబర్‌లో మా అత్తమ్మ వస్తున్నారు, ఆమెకి పెద్దకూర అంటే ప్రాణం. కాలనీ వాట్సాప్ గ్రూపులో ఈ మాట అడగలేను, మీకు తెలుసు కదా. అందుకే మీకు రాస్తున్నా.

జవాబు: వందనాలు చెల్లీ. డిపాజిట్ ఇంకా కట్టలేదు కదా? రెండు వారాలు ఆగు.

ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే నువ్వు 150 పౌండ్ల మాంసం ఇంటికొస్తుంది అనుకుంటున్నావు. రాదు. నేనూ మొదటిసారి అలాగే అనుకుని రెండు పెద్ద కూలర్లు, పక్కింటి వాళ్ల కూలర్ ఒకటి కారులో వేసుకుని వెళ్లాను, ఒక కూలర్ ఖాళీగానే తిరిగొచ్చింది. దారంతా మా ఆయన నవ్వుతూనే ఉన్నాడు.

బరువులు మూడు రకాలు. ప్రాణంతో ఉన్నప్పటి బరువు ఒకటి. కోసి, తోలు, తల, పేగులు, కాళ్లు తీసేసి కొక్కేనికి వేలాడదీశాక తూచేది హ్యాంగింగ్ వెయిట్. అక్కడి నుంచి వారం, పది రోజులు చల్లటి గదిలో ఆరబెట్టి, బొక్కలు, కొవ్వు తీసి ప్యాక్ చేసేది ఇంటికొచ్చే బరువు. గడ్డి తిని పెరిగిన స్టీర్, అంటే వృషణాలు తీసేసిన కోడె, 1,080 పౌండ్లు ఉందనుకో, అందులో 55 నుంచి 58 శాతం దాకా కొక్కేనికి వస్తుంది. సుమారు 600 పౌండ్లు. అందులో నాలుగో వంతు అతను చెప్పిన 150. అతనేం అబద్ధం చెప్పలేదు, కొక్కేనికున్న బరువే చెప్పాడు. దాంట్లో మళ్లీ 60, 65 శాతం మాత్రమే నీ ఫ్రీజర్‌లోకి వస్తుంది. అంటే 93 పౌండ్ల దాకా.

ఇప్పుడు డబ్బులు. 150 పౌండ్లకి 5.75 చొప్పున 862 డాలర్ల 50 సెంట్లు. ప్రాసెసింగ్, అంటే ముక్కలు కొట్టి ప్యాక్ చెయ్యడానికి, పౌండుకి 1.20 అనుకుంటే, అది కూడా హ్యాంగింగ్ వెయిట్ మీదే వేస్తారు, ఇంకో 180. పశువుని కోసినందుకు వేరే ఫీజు ఉంటుంది, నీ వంతు పాతిక అనుకుందాం. మొత్తం 1,067 పైన. దాన్ని 93తో భాగిస్తే పౌండు పదకొండున్నర డాలర్లు! బొక్కలు, కొవ్వు, కార్జం అన్నీ అడిగి తెచ్చుకుంటే బరువు 110 దాకా వెళ్తుంది, అప్పుడు 9.70 పడుతుంది. ప్రాసెసింగ్ రేటు, ఫీజు నేను ఊహించి వేసినవి, అతన్ని అడిగి నీ అంకెలు పెట్టుకుని మళ్లీ చెయ్.

ఇది మోసం కాదు, ఎక్కువ ధర కూడా కాదు, కానీ ఇందులో ఎవరికి లాభం అనేది చూడాలి. పదకొండున్నరకి రిబ్‌ఐ స్టేక్ వస్తుంది, కీమా కూడా అదే పదకొండున్నరకి వస్తుంది. ఇంట్లో వారానికి రెండుసార్లు గ్రిల్ వెలిగించి స్టేక్ కాల్చుకునే అమెరికన్ కుటుంబానికి ఇది చక్కటి బేరం, ఎందుకంటే స్టోర్‌లో ఆ స్టేక్ ముక్కలే ఖరీదు. మనం చేసేదేమిటి? కూర, కీమా, వేపుడు, బొక్కల పులుసు. స్టోర్‌లో చవగ్గా దొరికే ముక్కలు అవే. అంటే క్వార్టర్ కొన్నప్పుడల్లా మనం షాంక్‌కి, అంటే కాలి పిక్క ముక్కకి, కూడా స్టేక్ ధర కడుతున్నట్టే. ఈ సంగతి నాకు మూడో ఏడు కానీ వెలగలేదు. మొదటి రెండేళ్లూ సర్లాయిన్ స్టేక్‌ని ముక్కలు చేసి కుక్కర్‌లో వేశాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అందుకే నా సలహా, మొదటిసారి క్వార్టర్ వద్దు. యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) ఇన్‌స్పెక్షన్ ఉన్న చోట కోయించి, ప్యాకెట్ల లెక్కన విడిగా అమ్మే రాంచ్‌లు మీ చుట్టుపక్కల చాలా ఉంటాయి, శనివారం ఫార్మర్స్ మార్కెట్‌కి వెళ్తే ఒకరిద్దరు ఐస్ బాక్సులు పెట్టుకుని కూర్చునే ఉంటారు. టెక్సస్ రాష్ట్ర ఇన్‌స్పెక్షన్‌తో అయినా ఫరవాలేదు, ఆ మాంసం రాష్ట్రం లోపల అమ్ముకోవచ్చు. వాళ్ల దగ్గర రెండు షాంకులు, ఐదు పౌండ్ల కీమా, ఒక చక్ రోస్ట్ (భుజం ముక్క), సూప్ బొక్కలు తీసుకుని వండి చూడు. కార్జం, గుండె, నాలుక, తోక ఉన్నాయా అని అడుగు. తోక ఇప్పుడు అందరికీ తెలిసిపోయి పిరమైపోయింది కానీ, కార్జం, గుండె కొనేవాళ్లు లేక కొంతమంది చాలా తక్కువకే ఇస్తారు. నేను ఒకాయన దగ్గర మూడుసార్లు కీమా కొన్నాక నాలుగోసారి కార్జం ఊరికే సంచిలో పడేశాడు, మా కుక్కకి అనుకున్నాడట!

ఇక నీ రెండో ప్రశ్న, గ్రాస్‌ఫెడ్ అనే మాటని ఎంత నమ్మాలి?

ఆవులన్నీ మొదట గడ్డే తింటాయి. తేడా అంతా చివరి నాలుగైదు నెలల్లో ఉంటుంది. మామూలు స్టోర్ బీఫ్ అయితే ఆ నెలలు ఫీడ్‌లాట్‌లో, అంటే పశువుల్ని ఒకచోట ఉంచి మేపే దొడ్డిలో, మొక్కజొన్న ఎక్కువగా ఉండే దాణా మీద బలుస్తుంది, ఏడాదిన్నర వయసుకల్లా కోతకి వెళ్తుంది. గడ్డి మీదే చివరిదాకా పెంచితే రెండేళ్లు, ఒక్కోసారి రెండున్నరేళ్లు పడుతుంది. ఆ అదనపు నెలలకే నువ్వు అదనంగా కట్టేది. కాబట్టి "గ్రాస్‌ఫెడ్డేనా?" అని అడగకు, ఎవరైనా అవుననే అంటారు. "ఫినిషింగ్ దేని మీద?" అని అడుగు, అంటే ఆ చివరి నెలల్లో ఏం మేపారని. గ్రాస్‌ఫెడ్, గ్రెయిన్ ఫినిష్‌డ్ అని చాలామంది అమ్ముతారు, దాంట్లో తప్పేం లేదు, రుచి కూడా బాగుంటుంది, కానీ అది వేరే సరుకు, దానికి ఈ ధర ఎందుకు కట్టాలి?

లేబుల్ సంగతి ఇంకో కథ. గ్రాస్‌ఫెడ్ అంటే ఇదీ అని యూఎస్‌డీఏ మార్కెటింగ్ విభాగం ఒక ప్రమాణం పెట్టుకుంది, 2016 జనవరిలో దాన్ని తనే వెనక్కి తీసుకుంది. ఇప్పుడు ప్యాకెట్ మీద ఆ మాట వేసుకోవాలంటే కంపెనీ పంపిన కాగితాలు చూసి ఆమోదిస్తారు. అమెరికన్ గ్రాస్‌ఫెడ్ అసోసియేషన్ ముద్ర ఉంటే కొంచెం ధైర్యంగా కొనొచ్చు, పాలు మానిన దగ్గర్నుంచి కోతదాకా గడ్డి, మేతే తినాలి, ఫీడ్‌లాట్‌లో కట్టేయకూడదు, హార్మోన్లు, యాంటీబయాటిక్స్ వాడకూడదు, అమెరికాలోనే పుట్టి పెరగాలి అని వాళ్ల నియమాలు. ఆర్గానిక్ అంటే గ్రాస్‌ఫెడ్ అనుకోకు. ఆర్గానిక్ మొక్కజొన్న తిన్న ఆవు కూడా ఆర్గానిక్కే. ఇంకోటి, స్టోర్‌లో దొరికే గ్రాస్‌ఫెడ్‌లో పెద్ద భాగం ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, ఉరుగ్వే నుంచి వస్తుంది. బయటి మాంసాన్ని ఇక్కడ ప్యాక్ చేసి "ప్రొడక్ట్ ఆఫ్ యూఎస్‌ఏ" అని వేసుకునే వీలు చాలా ఏళ్లు నడిచింది. 2026 జనవరి 1 నుంచి పుట్టడం, పెరగడం, కోయడం, ప్యాకింగ్ అన్నీ ఇక్కడే జరిగితేనే ఆ మాట వేసుకోవాలి. ఆస్ట్రేలియా మాంసం చెడ్డదని కాదు, నేనూ కొంటాను, కానీ పక్క కౌంటీ రైతుకి ఇస్తున్నాననుకుని ఆ ధర కట్టేవాళ్లకి ఇది తెలియాలి.

నీ బేరంలో అయితే అసలు లేబులే ఉండదు. క్వార్టర్ లెక్కన కొనేటప్పుడు నువ్వు కొంటున్నది మాంసం కాదు, బతికున్న పశువులో వాటా. కోసేముందే అది నీదైపోవాలి, అప్పుడే కస్టమ్ ప్రాసెసర్, అంటే పశువు యజమాని కోసమే కోసిపెట్టేవాడు, దాన్ని కోసి నీకు ప్యాక్ చేసి ఇస్తాడు, ప్రతి ప్యాకెట్ మీదా "నాట్ ఫర్ సేల్" అని ముద్ర ఉంటుంది. అంటే గ్రాస్‌ఫెడ్ అనడానికి అతని నోటిమాటే ఆధారం. అందుకే నువ్వు అక్కడికి వెళ్లాలి. గంటన్నరే కదా, పిల్లల్ని కూడా తీసుకెళ్లు, దూడల్ని చూస్తే వాళ్లకి సంబరం (ఆ దూడే ఈ కూరా అని చిన్నది అడిగితే ఏం చెప్పాలో కారులోనే అనుకుని పెట్టుకో, నేను అనుకోకుండా వెళ్లి ఇరుక్కున్నాను).

నేను మొదట వెళ్లిన రాంచ్‌లో ఏం జరిగిందో చెప్తాను. ఫోన్‌లో నూటికి నూరు పాళ్లు గడ్డే మేడమ్ అన్నాడు. వెళ్లాం. ఫిబ్రవరి, బెర్ముడా గడ్డి అంతా ఎండి గోధుమ రంగులో ఉంది. ఆవులు ఎక్కడో చెరువు అవతల ఉన్నాయి. మాకు చూపించడానికి పికప్ వెనక నుంచి ఒక సంచి తీసి గలగలా ఊపాడు. అంతే, ఎక్కడెక్కడి ఆవులూ పరుగెత్తుకుంటూ వచ్చేశాయి, నేల అదిరింది. చేతి బొటనవేలంత గోధుమరంగు గుళికలు నేలమీద పోశాడు. ఇదేంటి అని అడిగితే "కేక్" అన్నాడు. రేంజ్ క్యూబ్స్ అంటారు, టెక్సస్‌లో దాదాపు ప్రతి రైతు దగ్గరా ఉంటాయి, చలికాలంలో ప్రోటీన్ కోసం వేస్తారు, పిలిస్తే వచ్చేలా అలవాటు చెయ్యడానికి వేస్తారు. వాటిలో సాధారణంగా ధాన్యం, ధాన్యం మిల్లుల్లో మిగిలిన తవుడు లాంటివి ఉంటాయి. ఆయన దృష్టిలో అది దాణా కాదు, చాక్లెట్ లాంటిది. అబద్ధమాడాలని ఆడలేదు. కానీ నూటికి నూరు అయితే కాదు కదా.

అందుకని చలికాలంలో ఏం పెడతారు అని అడుగు. హే అంటే మంచిదే, ఎండుగడ్డి కూడా గడ్డే. క్యూబ్స్ వేస్తారా, ఏ క్యూబ్స్, సంచి మీది ట్యాగ్ చూడొచ్చా అని మొహమాటపడకుండా అడుగు. అల్ఫాల్ఫా గుళికలు అయితే అది మేతే. కోతకి పంపే వాటిని మిగతా మందతోనే ఉంచుతారా, వేరే కట్టేస్తారా, ఏ నెలలో కోయిస్తారు అని కూడా అడుగు. ఈ చివరిది చాలా ముఖ్యం. మన వైపు టెక్సస్‌లో వసంతం గడ్డి బాగా మేసి మే, జూన్‌కల్లా పశువు కండపడుతుంది. ఆగస్టు ఎండకి గడ్డి మాడిపోయాకో, చలికాలం చివర్లోనో కోసింది బక్కచిక్కి ఉంటుంది, కూర పీచుపీచుగా వస్తుంది. శరదృతువు వానలు పడితే అక్టోబర్, నవంబర్ కూడా బాగుంటుంది. ఈ ప్రశ్నలకి చిరాకు పడేవాడి దగ్గర కొనొద్దు. మంచి రైతు అయితే నువ్వు చాలు అనేదాకా చెప్తూనే ఉంటాడు, గడ్డి పేర్లు, వాన అంగుళాలు, వాళ్ల తాత సంగతులు. ఫ్లాస్క్‌లో టీ పట్టుకెళ్లు.

మందలో మూపురం ఉన్నవి కనిపిస్తే ఆశ్చర్యపోకు. బ్రాహ్మన్ అంటారు వీళ్లు. మన దేశం నుంచి వచ్చిన గుజరాత్, గిర్, నెల్లూరు జాతుల కలయిక అది. నెల్లూరు అంటే మన ఒంగోలు గిత్తే, విదేశాల్లో ఆ పేరుతో చలామణీ అయింది. ఎండకి, పురుగుకి తట్టుకుంటాయని టెక్సస్ వాళ్లు ఆంగస్‌తో, హెర్‌ఫోర్డ్‌తో కలిపి పెంచుతారు. కంచె దగ్గర నిలబడి ఆ తెల్ల గంగడోలు చూస్తుంటే నాకు మా తాత బండి గుర్తొచ్చింది, ఆ రోజు కొనాలా వద్దా అని పది నిమిషాలు ఊగిసలాడాను. కొన్నాను. ఆ రక్తం ఎక్కువున్న వాటి మాంసం కొంచెం గట్టిగా ఉంటుంది, స్టేక్ తినేవాళ్లు వంక పెడతారు. కుక్కర్‌కి ఆ వంక తెలీదు.

ఆరోగ్యం గురించి నువ్వు అడగలేదు, కానీ ఎవరో ఒకరు నీకు చెప్తారు కాబట్టి చెప్తున్నా. గడ్డి మీద పెరిగిన దాంట్లో మొత్తం కొవ్వు తక్కువ, ఒమేగా-3 కొంచెం ఎక్కువ, గడ్డిలోని కెరోటిన్ వల్ల కొవ్వు పసుపుపచ్చగా ఉంటుంది. ఆ పసుపు చూసి పాడైందనుకుని పారేయకు. కానీ ఒమేగా-3 కోసమే అయితే ఒకపూట చేపల పులుసు పెట్టుకో, చాలా చవక. మీ ఆయనకి కొలెస్ట్రాల్ ఉండి డాక్టర్ తగ్గించమన్నాడంటే గ్రాస్‌ఫెడ్ అని రెట్టింపు తినడానికి లైసెన్స్ కాదు. నేనైతే రుచి కోసం, ఎవరి దగ్గర కొంటున్నానో తెలియడం కోసం కొంటాను.

చర్చి వాళ్ల సంగతి. కస్టమ్ కోతలో వచ్చిన మాంసాన్ని నువ్వు తెచ్చి వాళ్లకి డబ్బుకి ఇవ్వకూడదు, ఆ "నాట్ ఫర్ సేల్" ముద్ర అందుకే. ఇంట్లోవాళ్లు తినొచ్చు, డబ్బు తీసుకోకుండా చుట్టాలకి వండి పెట్టొచ్చు, అమ్మితే మాత్రం తప్పు. దానికి దారి సులువే, ముగ్గురూ కోతకి ముందే రాంచ్‌ అతనికి ఎవరి వాటా డబ్బు వాళ్లు కట్టండి, రసీదు మీద ముగ్గురి పేర్లూ రాయించుకోండి. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. ఆ మూడు కుటుంబాల్లో గ్రిల్ పిచ్చి ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే వాళ్లని వెనక క్వార్టర్ తీసుకోమను, సర్లాయిన్ (నడుము వెనక భాగం), రౌండ్ (తొడ) అటే ఉంటాయి. నువ్వు ముందు క్వార్టర్ అడుగు. చక్, మెడ, బ్రిస్కెట్ (రొమ్ము కండ), షార్ట్ రిబ్స్ (పక్కటెముకలు), ముందుకాలి షాంక్, మన కూరకి కావాల్సినవన్నీ ముందే ఉన్నాయి, రిబ్‌ఐ కూడా అటు వైపే వస్తుంది. కొందరు ముందు క్వార్టర్‌కి ధర కాస్త తగ్గిస్తారు, అడగడానికి సిగ్గుపడకు. మామూలుగా అయితే రెండూ కలిపి స్ప్లిట్ క్వార్టర్ అని ఇస్తారు, అడగకపోతే అదే వస్తుంది.

మీలో ఎవరికైనా హలాల్ కావాలంటే డిపాజిట్‌కి ముందే ప్రాసెసర్‌ని అడగాలి, కొన్నిచోట్ల మాత్రమే చేస్తారు.

కటింగ్ కాగితం. దీన్ని కట్ షీట్ అంటారు, అమెరికన్ వంటింటిని బట్టి తయారుచేసింది, ఖాళీగా వదిలేస్తే మూడో వంతుకి పైగా కీమా కింద మారిపోతుంది. నాకు జరిగింది అదే. మొదటిసారి ఏం రాయాలో తెలియక "మీకెలా అలవాటైతే అలా" అన్నాను, ఒక్క బొక్క రాలేదు, షాంకులు రెండూ కీమాలో కలిపేశాడు. అంత మంచి నల్లి బొక్కలు ఎటు పోయాయో తలుచుకుంటే ఆ రోజు అన్నం సయించలేదు.

కాబట్టి ఇలా రాయి. షాంక్: బొక్కతో, అడ్డంగా, అంగుళంన్నర మందం. చక్: సగం బొక్కతో ముక్కలు, సగం కూర ముక్కలు, అంగుళం సైజు. వాళ్లు స్టూ మీట్ అంటారు, రెండు పౌండ్ల ప్యాకెట్లు చెయ్యమను. మెడ: బొక్కతో ముక్కలు. బ్రిస్కెట్: రెండు భాగాలు, కొవ్వు తీయొద్దు. అసలే తక్కువ కొవ్వున్న మాంసం, ఉన్నదీ తీసేస్తే దాల్చా నీళ్లనీళ్లగా వస్తుంది. మిగిలింది కీమా, ఒక్కో పౌండు ప్యాకెట్. బొక్కలన్నీ కావాలి అని కింద పెద్ద అక్షరాలతో రాయి, నల్లి బొక్కలు వేరే సంచిలో. కార్జం, గుండె, నాలుక, తోక ఒక్కో పశువుకి ఒక్కటే కాబట్టి మీ ముగ్గురిలో ఎవరికేది అని ముందే పంచుకోండి, అక్కడ గొడవలొస్తాయి, నవ్వకు. బోటి మాత్రం చాలా చిన్న ప్రాసెసర్లు శుభ్రం చేసివ్వరు, దాన్ని మెక్సికన్ స్టోర్‌లో మెనూదో పేరుతో కొనుక్కో.

ఎండు తునకలు కావాలంటే వెనక క్వార్టర్ వాళ్ల దగ్గర ఐ ఆఫ్ రౌండ్ మార్చుకో, ఇంత కొవ్వు లేని కండ దానికి దేవుడిచ్చింది. కానీ మన ఊళ్లో లాగా ఉప్పు, పసుపు, కారం పట్టించి దండెం మీద వెయ్యకు. ఇక్కడి ఎండ సరిపోతుంది కానీ ఈగలూ, కాలనీ నియమాలు చూసే హెచ్‌ఓఏ వాళ్లూ ఊరుకోరు. ముక్కలు ఓవెన్‌లో లోపలిదాకా 160 డిగ్రీల ఫారన్‌హీట్ ఎక్కేలా వేడి చేసి, తర్వాత డీహైడ్రేటర్‌లో పెట్టు. రుచి తొంభై పాళ్లు అదే వస్తుంది.

ఫ్రీజర్ ఒక ఘనపు అడుగుకి 35, 40 పౌండ్లు పడుతుంది, బొక్కలతో అయితే ఇంకా చోటు తింటుంది. నీకు ఏడు ఘనపు అడుగుల చెస్ట్ ఫ్రీజర్ చాలు. గరాజ్‌లో పెట్టేట్టయితే గరాజ్ వేడిని తట్టుకుంటుందని రాసినది చూసి కొను. ఒక అలారం థర్మామీటర్ కూడా కొను, పదిహేను డాలర్లో ఇరవయ్యో. మా గరాజ్ ప్లగ్ ఒకసారి దానంతటదే ట్రిప్ అయింది, మేం ఊళ్లో లేం, ఐదు రోజుల తర్వాత వచ్చి తలుపు తీస్తే... వదిలెయ్. కరెంటు పోతే మూత తెరవకు, నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు ఆగుతుంది, సగమే ఉంటే 24. 2021 ఫిబ్రవరి మంచు తుఫానుకి మా వీధిలో ఇలా ఆగినవాళ్లే గట్టెక్కారు. వ్యాక్యూమ్ ప్యాకింగ్ అడుగు, కాగితం చుట్టినదాని కంటే ఎక్కువ కాలం రుచి ఉంటుంది. కీమా ముందు తినెయ్, మూడు నాలుగు నెలల్లో, పెద్ద ముక్కలు ఏడాది ఆగుతాయి.

ధరలు తగ్గేదాకా ఆగుదామా అనుకుంటావేమో. 2024 జనవరి లెక్కలో అమెరికా మొత్తం పశువులు 8 కోట్ల 72 లక్షలకి పడిపోయాయి, 1951 తర్వాత అంత తక్కువ ఎప్పుడూ లేదు, మరుసటి ఏడు ఇంకా తగ్గాయి. మంద మళ్లీ పెరగాలంటే పెయ్యల్ని కోతకి పంపకుండా ఉంచుకోవాలి, అవి ఈనాలి, దూడలు పెరగాలి. ఏళ్లు పట్టే పని. కాబట్టి ధర కోసం ఆగకు, రుచి చూడ్డానికి ఆగు.

వాట్సాప్ గ్రూపు గురించి రెండే మాటలు. మన ఇంట్లో మనం తినేదానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. తినని స్నేహితులు భోజనానికొచ్చిన రోజు ముందే చెప్పి, గిన్నె, గరిటె వేరే పెట్టు, వాళ్లూ సుఖంగా తింటారు. అంతకు మించి టెన్షన్ పడకు.

వండేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకో. ఇది స్టోర్ బీఫ్ కాదు, వయసు ముదిరిన కండ, కొవ్వు తక్కువ. వేపుడుకి మంట పెద్దగా పెడితే చెప్పు తోలు అవుతుంది. కూరకి మాత్రం ఇన్‌స్టంట్ పాట్‌లో షాంక్ బొక్కతో 45 నిమిషాలు, ఆవిరి దానంతటదే పోనీ, ఆ తర్వాతే గోంగూర వెయ్.  కొంచెం గడ్డి వాసన వస్తుంది, పిల్లలు మొదట ముక్కు చిట్లిస్తారు. మీ అత్తమ్మకి ఆ వాసనే నచ్చుతుంది చూడు. ఊళ్లో మనం తిన్నది ఎక్కువగా దున్న మాంసం, అదీ గడ్డీ, చొప్పా తిని తిరిగిందే. మా అమ్మ ఇక్కడికొచ్చి స్టోర్ బీఫ్ రెండు ముక్కలు తిని "ఇదేంటే, చప్పగా దూదిలా ఉంది" అని పక్కన పెట్టేసింది, రాంచ్ షాంక్ వండిన రోజు మాత్రం బొక్క పళ్లెం అంచుకి కొట్టి నల్లి దులుపుకుని తింది.

అత్తమ్మ నవంబర్‌లో వస్తున్నారు అంటే నీకు టైముంది. ఈ శనివారం మార్కెట్‌కి వెళ్లి షాంక్ తెచ్చి వండు, నచ్చితే వచ్చే వారం రాంచ్‌కి ఫోన్ చేసి ముందు క్వార్టర్ ఉందా, అక్టోబర్ కోతలో చోటుందా అని అడుగు. చిన్న ప్రాసెసర్ల దగ్గర తేదీలు నెలల ముందే నిండిపోతాయి, కాబట్టి ఆ ఫోన్ మాత్రం వాయిదా వెయ్యకు. క్వార్టర్ కుదరకపోయినా నాలుక ఒకటి పక్కన పెట్టమను. ఎవరూ అడగరు కాబట్టి అతని దగ్గర మిగిలే ఉంటుంది.